తేదీలు మనవి కావు, వరుస మనది

భవానీపురంలో పున్నమి ఘాట్‌కు కొద్ది దూరంలో ఉన్న ఒక చిన్న ఇల్లు అది. ముందుగది గోడకు రెండు క్యాలెండర్లు పక్కపక్కనే వేలాడుతున్నాయి. ఒకటి ఇంటి యజమాని పనిచేసే ఐరన్ యార్డ్ దుకాణం వారు పంచినది. రెండోది మస్జిదు వారు ఇచ్చిన హిజ్రీ క్యాలెండర్. ఆ రెండింటి నడుమ ఒక తెల్లకాగితం అంటించి ఉంది. దాని మీద ఇంటి ఇల్లాలు స్వయంగా రాసిన నాలుగు వరుసలు ఉన్నాయి. జనవరి 21 నుంచి 30 వరకు జేఈఈ మెయిన్ తొలి విడత. ఫిబ్రవరి 23 నుంచి మార్చి 24 వరకు ఇంటర్మీడియట్ పరీక్షలు. ఏప్రిల్ 1 నుంచి 10 వరకు జేఈఈ మెయిన్ మలి విడత. వీటన్నిటి మీదుగా, ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి మూడో వారం దాకా ఆకుపచ్చ సిరాతో గీసిన ఒక గీత. అది రంజాన్ మాసం.

ఆ ఇంటి అమ్మాయి ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. తల్లి అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. "భాయి సాహెబ్, జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఇంకోసారి ఎందుకు రాయాలి? ముందు ఇంటర్ పూర్తి కానిచ్చి, ఏప్రిల్‌లో ఒక్కసారే నిమ్మళంగా రాస్తే సరిపోదా?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకే తెలుసు. రెండేళ్ల క్రితం పెద్దకొడుకు విషయంలో ఆ ఇంట్లో ఇదే మాట అనుకున్నారు. "ముందు ఇంటర్ కానీ" అని బంధువులు చెప్పిన సలహా విని అతడు 2024 జనవరి విడతకు దరఖాస్తు చేయలేదు. ఇంటర్ పరీక్షలు మార్చి 20న ముగిశాయి. మలి విడత ఏప్రిల్ 4న మొదలైంది. సరిగ్గా ఆ వారంలోనే అతడికి జ్వరం పట్టుకుంది. ఒళ్లు కాలిపోతున్నా వెళ్లి రాశాడు, సగం ప్రశ్నపత్రం కూడా చూడలేక తిరిగి వచ్చాడు. ఆ ఏడాది మరో విడత లేదు. తరువాత ఈఏపీసెట్ రాసి ఇంజనీరింగులో చేరాడు, చక్కగానే చదువుకుంటున్నాడు. "జ్వరం అల్లాహ్ చిత్తం. దానికి నాకు దుఃఖం లేదు. కానీ రెండు తలుపులు ఉన్నప్పుడు ఒకటి మేమే మూసేశాం కదా, అదే మనసులో ముల్లులా ఉంది" అన్నదా తల్లి.

ఈ వ్యాసం ఆ తల్లి కోసం, ఆమెవంటి వేలాది తల్లిదండ్రుల కోసం. ఏ పరీక్ష ఎంత కష్టమన్నది కాలేజీలు చెబుతాయి. ఏ పరీక్షను ఏ కాలంలో, ఏ వరుసలో, ఎంత బలంతో ఎదుర్కోవాలన్నది మాత్రం ఇల్లు ఆలోచించుకోవలసిన విషయం.

ఒక్క పరీక్ష నుంచి పరీక్షల వరుస దాకా

నేటి విద్యార్థుల తల్లిదండ్రుల్లో చాలామంది ఎంసెట్ కాలం వారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఆ పరీక్ష మొదలైంది. ఇంజనీరింగు, వైద్యం, వ్యవసాయం అన్నిటికీ అదొక్కటే ద్వారం. ఇంటర్ పరీక్షలు రాసి, కొన్ని వారాలు ఊపిరి పీల్చుకుని, వేసవిలో ఎంసెట్ రాసేవారు. ముందు ఇంటర్, తరువాత ఎంసెట్. వరుస గురించి ఎవరూ తల పట్టుకోవలసిన అవసరం ఉండేది కాదు.

ఆ కాలం గడిచిపోయింది. 2013లో జేఈఈ మెయిన్ వచ్చింది. వైద్య విద్య నీట్ పరిధిలోకి వెళ్లింది. ఎన్‌ఐటీల వంటి జాతీయ సంస్థల కోసం జరిగే జేఈఈ మెయిన్‌ను 2019 నుంచి జాతీయ పరీక్షల సంస్థ ఏడాదికి రెండు విడతలుగా నిర్వహించడం మొదలుపెట్టింది. కోవిడ్ కాలంలో 2021లో అది నాలుగు విడతలైంది, తరువాత మళ్లీ రెండుకు వచ్చింది. 2021లోనే మన ఎంసెట్ ఈఏపీసెట్‌గా మారింది. 2022లో కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశాలకు సీయూఈటీ తోడైంది. జేఈఈ మెయిన్, నీట్, సీయూఈటీ మూడింటినీ తెలుగులోనూ రాయవచ్చు.

అంటే, మన కాలంలో ఒక్క వేసవిలో ముగిసిపోయిన పని నేటి పిల్లలకు జనవరి నుంచి మే వరకు పరచుకొని ఉంది. మనకు తెలిసిన పాత వరుసనే వారికి సలహాగా ఇస్తే, అది ప్రేమతో ఇచ్చినదైనా వారికి నష్టమే కలిగిస్తుంది.

2022 నేర్పిన పాఠం

ఈ తేదీలు ఎంత చంచలమైనవో 2022వ సంవత్సరం చూపించింది. ఆ ఏడాది జేఈఈ మెయిన్ తొలి విడతను ఏప్రిల్ 16 నుంచి 21 వరకు నిర్వహిస్తామని మొదట ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ పరీక్షలు అప్పటికి ఏప్రిల్ 8 నుంచి జరగవలసి ఉన్నాయి. రెండూ ఢీకొనడంతో ఇంటర్ బోర్డు తన పరీక్షలను ఏప్రిల్ 22కు జరిపింది. ఇంతలో జేఈఈని ఏప్రిల్ 21 నుంచి మే 4 వరకు మార్చారు. మళ్లీ ఢీ. బోర్డు మరోసారి వెనక్కి జరిగి, మే 6 నుంచి 24 వరకు నిర్ణయించింది. ఆ తరువాత జేఈఈ తొలి విడత జూన్‌కు, మలి విడత జూలైకి వెళ్లిపోయాయి.

ఆ ఏడాది రంజాన్ మాసం ఏప్రిల్ మొదట్లో ప్రారంభమై, మే 3న ఈదుల్ ఫిత్ర్ వచ్చింది. మన పిల్లలు పండుగ జరుపుకొన్న మూడో రోజునే, మండు వేసవిలో ఇంటర్ పరీక్షా కేంద్రాలకు వెళ్లారు. తేదీ మారిన ప్రతిసారీ చదువు ప్రణాళికను చింపి కొత్తది రాసుకున్న విద్యార్థులు అలసిపోయారు. ఏ తేదీ వచ్చినా చెదరని క్రమంలో చదువుకున్నవారు నిలదొక్కుకున్నారు.

కృష్ణా డెల్టా రైతుకు ఈ సంగతి కొత్త కాదు. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీరు వదిలే తేదీని అతడు నిర్ణయించడు. కానీ దుక్కి దున్నుకోవడం, విత్తనం సిద్ధం చేసుకోవడం, గట్లు సరిచేసుకోవడం అతడి చేతిలోనే ఉంటాయి. నీరు వచ్చిన రోజున పొలం సిద్ధంగా ఉండాలన్నదే అతడి లెక్క.

ఈ ఏడాది ఖాళీ ఎంత?

ఇప్పుడు గోడమీది కాగితాన్ని మరోసారి చూద్దాం. ఈ వ్యాసం రాస్తున్న నాటికి ప్రకటించిన తేదీల ప్రకారం, ఇంటర్ పరీక్షలు మార్చి 24న ముగిస్తే జేఈఈ మలి విడత ఏప్రిల్ 1న మొదలవుతుంది. మధ్యలో మిగిలేవి ఏడు రోజులు. 2024లో ఈ ఖాళీ పద్నాలుగు రోజులు, 2025లో పన్నెండు రోజులు ఉండేది. 2025లో ఆ పన్నెండు రోజుల్లోనే, మార్చి 31న పండుగ కూడా వచ్చింది. ఈసారి పండుగ ఇంటర్ పరీక్షలు ముగిసే రోజుల్లోనే, మార్చి 21 ప్రాంతంలో రానుంది.

అటువైపు కూడా ఖాళీ తగ్గింది. 2025లో జేఈఈ తొలి విడత జనవరి 30న ముగిస్తే, ఇంటర్ పరీక్షలు మార్చి 1న మొదలయ్యాయి. ఈసారి జనవరి 30కి, ఫిబ్రవరి 23కి మధ్య మిగిలేది మూడు వారాల పైచిలుకు మాత్రమే. అందులోనే ప్రాక్టికల్ పరీక్షలు కూడా ఉంటాయి.

ఏడు రోజుల్లో ఒక సరికొత్త పద్ధతి పరీక్షకు మనసును మళ్లించడం సులభం కాదు. ఇంటర్ పరీక్షలో సమాధానాన్ని సోపానాలతో వివరంగా రాయాలి. జేఈఈ మెయిన్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని మూడు గంటల్లో 75 ప్రశ్నలకు జవాబివ్వాలి. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఒకటి చేతికి పరీక్ష, మరొకటి ఎంపికకు పరీక్ష. నెలరోజులు వ్యాసరూప సమాధానాలు రాసిన విద్యార్థి వారంలో రెండోదానికి అలవాటు పడాలంటే, ఆ అలవాటు అంతకుముందే ఏర్పడి ఉండాలి.

జనవరి ఎందుకు ముఖ్యం?

కాబట్టి ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఇది: జనవరి విడతను తప్పక రాయించాలి. దానిని 'రిహార్సల్' అనుకొని కాదు, అదే అసలు పరీక్ష అనుకొని రాయించాలి. రెండు విడతల్లో ఏది మెరుగైతే ఆ స్కోరునే లెక్కలోకి తీసుకుంటారు. జనవరిలో తక్కువ వచ్చినంత మాత్రాన విద్యార్థికి కలిగే నష్టమేమీ లేదు. బాగా వస్తే మాత్రం కలిగే మేలు చాలా పెద్దది. మనసులో ఒక భారం దిగిపోతుంది, ఫిబ్రవరి, మార్చి నెలలను నిశ్చింతగా ఇంటర్‌కు అంకితం చేయవచ్చు.

మరో కారణం కూడా ఉంది. పాఠం వేడిగా ఉన్నప్పుడే పరీక్ష రాయడం మేలు. అమెరికాలో ఒకప్పుడు సాట్ సబ్జెక్ట్ టెస్టులు ఉండేవి. రసాయనశాస్త్రానికి ఒకటి, భౌతికశాస్త్రానికి ఒకటి, ఇలా ఒక్కొక్క సబ్జెక్టుకు విడిగా రాసేవారు. అక్కడి తెలుగు కుటుంబాలు కూడా ఆ సబ్జెక్టు తరగతిలో ముగిసే మే, జూన్ నెలల కోసం కాచుకొని రాయించేవి. 2021లో ఆ పరీక్షలను ఆపివేశారు. అయినా దాని వెనుక ఉన్న తర్కం మాత్రం ఎక్కడైనా వర్తిస్తుంది. మన జూనియర్ కళాశాలల్లో చాలావరకు పాఠాలు డిసెంబరుకల్లా ముగింపుకు వస్తాయి. ఆ పాఠాలు వేడిగా ఉండేది జనవరిలోనే. సంక్రాంతి సెలవులు సరిగ్గా తొలి విడతకు ముందు వస్తాయి. ఆ సెలవుల్లో కొత్త అధ్యాయాలు మొదలుపెట్టకుండా, చదివిన వాటి మీద పూర్తి నిడివి నమూనా పరీక్షలు రాస్తే చాలు.

దైవప్రవక్త యూసుఫ్ (అ) గాథ మనందరికీ తెలిసినదే. రానున్న కరువును గురించి తెలిసినప్పుడు ఆయన ప్రజలను భయపెట్టలేదు. పంట పుష్కలంగా పండే సంవత్సరాలలోనే ధాన్యాన్ని నిల్వచేసే ఏర్పాటు చేశారు. కరువు వచ్చాక గాదెలు కట్టడం ఎవరి వల్లా కాదు. తవక్కుల్ అంటే ప్రయత్నాన్ని విడిచిపెట్టడం కాదని, సకాలంలో ప్రయత్నించి ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించడమని ఆ గాథ బోధిస్తుంది. మన విద్యార్థికి డిసెంబరు వరకు ఉన్నది పంటకాలం. మార్చి ఆఖరు వారం కరువుకాలం.

ఇంటర్‌ను తేలికగా తీసుకోవద్దు

జనవరికి ప్రాధాన్యం ఇవ్వమన్నంత మాత్రాన ఇంటర్ మార్కులను చిన్నచూపు చూడమని కాదు. ఎన్‌ఐటీలలో ప్రవేశానికి జేఈఈ ర్యాంకు ఒక్కటే చాలదు. ఇంటర్‌లో 75 శాతం మార్కులైనా రావాలి, లేదా తమ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లోనైనా ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ పరిమితి 65 శాతం.

ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కుల బలం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తెలంగాణ 2023లో ఇంటర్ వెయిటేజీని తొలగించింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఆ పద్ధతి కొనసాగుతోంది. ర్యాంకు నిర్ణయంలో ఈఏపీసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం విలువ ఇస్తారు. ఎంపీసీ విద్యార్థికి గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కలిపి రెండేళ్లకు 600 మార్కులు. అంటే ఇంటర్‌లో 24 మార్కులు పోగొట్టుకుంటే వెయిటేజీలో ఒక మార్కు పోయినట్లు. దానిని తిరిగి సంపాదించాలంటే 160 మార్కుల ఈఏపీసెట్‌లో రెండు ప్రశ్నలకు పైగా అదనంగా సరిచేయాలి.

ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. పైగా అది మే నెలలో జరుగుతుంది. 2025లో ఇంజనీరింగు విభాగం పరీక్షలు మే 21న మొదలయ్యాయి. ఇంటర్ ముగిసిన రెండు నెలలకు వచ్చే పరీక్ష కనుక దాని కోసం జనవరిలో, ఫిబ్రవరిలో ఆందోళన పడనవసరం లేదు. అందువల్ల వరుస ఇలా తేలుతుంది. జనవరి ఆఖరు వరకు జేఈఈ. ఫిబ్రవరి 1 నుంచి పూర్తిగా ఇంటర్. మార్చి ఆఖరు వారంలో రోజుకొక నమూనా పరీక్ష, తప్పుల సవరణ, చాలినంత నిద్ర. ఏప్రిల్‌లో మలి విడత. ఆ తరువాత ఈఏపీసెట్ వేగం కోసం సాధన. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు అర్హత సాధించినవారు ఏప్రిల్, మే నెలలను దానికి కేటాయించుకుంటారు.

జనవరిలో ఆశించిన స్కోరు వచ్చిన విద్యార్థి ఏప్రిల్‌లో మళ్లీ రాయాలా అన్నది కుటుంబం కూర్చుని నిర్ణయించుకోవాలి. కోరుకున్న కళాశాలకు ఆ స్కోరు సరిపోతుందనిపిస్తే, ఆ వారం రోజులను విశ్రాంతికి, తదుపరి పరీక్షకు ఇవ్వడం వివేకమే. ప్రతి తలుపునూ తట్టి తీరాలన్న నియమమేమీ లేదు.

బైపీసీ విద్యార్థులకు

వైద్యవిద్యను కోరేవారి లెక్క వేరు. నీట్ ఏడాదికి ఒక్కసారే, ఒక్క ఆదివారం నాడు, కాగితం మీద జరుగుతుంది. 2023లో మే 7న, 2024లో మే 5న, 2025లో మే 4న జరిగింది. 180 ప్రశ్నలు, 720 మార్కులు. వీరికి జనవరిలో ముందస్తు అవకాశం లేదు. కానీ ఇంటర్ పరీక్షలకు, నీట్‌కు మధ్య ఆరు వారాల వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిని చూసి జనవరి, ఫిబ్రవరి నెలల్లో నీట్‌ను పూర్తిగా పక్కన పెట్టడం తప్పు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదివేటప్పుడే పాఠ్యపుస్తకంలోని ప్రతి వాక్యాన్నీ ఒక ప్రశ్నగా చూసే అలవాటు చేసుకుంటే, ఇంటర్ చదువే నీట్ చదువవుతుంది.

హిజాబ్ ధరించే అమ్మాయిల తల్లిదండ్రులు ఒక నిబంధనను గుర్తుంచుకోవాలి. మతపరమైన లేదా సంప్రదాయ దుస్తులతో వచ్చే అభ్యర్థులు తనిఖీ కోసం ముందుగానే కేంద్రానికి చేరుకోవాలని నీట్ సూచనల్లో ప్రతి ఏడాదీ పేర్కొంటారు. పరీక్ష మధ్యాహ్నం 2 గంటలకు, గేటు మూసేది 1.30కి. కనుక భవానీపురం నుంచి కేంద్రం ఎంత దూరమైనా, ఉదయం 11 గంటలకల్లా బయలుదేరడం మంచిది. కేంద్రం కానూరు వైపో, ఎనికేపాడు వైపో పడితే నగరాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటాలి. ముందు రోజే ఆ దారిలో ఒకసారి వెళ్లివస్తే మనసు కుదుటపడుతుంది.

సైన్సు, సాహిత్యం, సామాజిక శాస్త్రాలలో డిగ్రీ చదవాలనుకునేవారికి సీయూఈటీ ఉంది. అందులో సబ్జెక్టుకొక పరీక్ష ఉంటుంది. సాధారణంగా మే నెలలో జరుగుతుంది. ఇంటర్ కోసం శ్రద్ధగా చదివిన సబ్జెక్టులనే ఎంచుకుంటే అదనపు బరువు పెద్దగా పడదు.

ఉపవాసం, పరీక్ష

ఈ ఏడాది ఇంటర్ పరీక్షలు దాదాపు మొత్తంగా రంజాన్ మాసంలోనే జరగనున్నాయి. పరీక్ష ఉన్నంత మాత్రాన ఉపవాసాన్ని విడిచిపెట్టరాదన్నది ఎక్కువమంది ధర్మవేత్తల అభిప్రాయం. వ్యాధిగ్రస్తులకు, ప్రయాణికులకు బఖరా సూరాలో సడలింపు ఉన్నదని మనకు తెలుసు. ఆరోగ్యపరమైన ఇబ్బంది ఉన్న పిల్లల విషయంలో వైద్యుని, విశ్వసనీయుడైన ఆలిమ్‌ను సంప్రదించి నిర్ణయించుకోవాలి. బడాయి కోసమో, బిడియం కోసమో పిల్లల శరీరం మీద ప్రయోగాలు చేయకూడదు.

కాలం మాత్రం మన పక్షానే ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన ప్రాంతంలో ఉపవాసం సుమారు పదమూడు గంటలు. ఎండలు ఇంకా ముదరవు. ఇంటర్ పరీక్ష ఉదయం 9 గంటలకు మొదలై 12కు ముగుస్తుంది. సహరీ చేసిన నాలుగు గంటలకు పరీక్ష, అంటే శరీరంలో శక్తి, మెదడులో చురుకు నిలిచి ఉండే సమయం. ఫజ్ర్ నమాజు తరువాత ఒక గంట పునశ్చరణకు ఎంతో అనువైనది. పరీక్ష నుంచి తిరిగివచ్చి జుహ్ర్ నమాజు చేసుకుని గంటన్నర నిద్రపోవాలి. అస్ర్ నుంచి మగ్రిబ్ వరకు తేలికైన పఠనం. తరావీహ్ తరువాత అర్ధరాత్రి దాకా మేలుకొని చదివే అలవాటు మానుకోవాలి. సహరీకి లేవక తప్పదు కనుక, రాత్రి పదిన్నరకల్లా పడుకోకపోతే నిద్ర నాలుగైదు గంటలకు పడిపోతుంది. నిద్ర తగ్గితే చదివినది నిలవదు.

సహరీలో అన్నమో, రొట్టో, గుడ్డు, పెరుగు, తగినంత నీరు ఉండాలి. ఇఫ్తార్‌లో నూనె వంటకాలు తగ్గించి ఖర్జూరాలు, పండ్లు, గంజి వంటివి ఇస్తే సాయంత్రం మగత రాదు.

ఇక్కడ ముందుచూపు మరొకటి అవసరం. హిజ్రీ సంవత్సరం చాంద్రమానాన్ని అనుసరిస్తుంది కనుక రంజాన్ మాసం ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2028లో అది జనవరి ఆఖరు వారంలో, 2029లో జనవరి మధ్యలో మొదలయ్యే సూచన ఉంది. నేడు తొమ్మిది, పది తరగతులు చదువుతున్న మన పిల్లలు జేఈఈ తొలి విడతను బహుశా ఉపవాసంతోనే రాస్తారు. మధ్యాహ్నం 3 నుంచి 6 వరకు జరిగే షిఫ్టు పడితే ఇఫ్తార్ దారిలోనే చేయవలసి వస్తుంది. సంచిలో నాలుగు ఖర్జూరాలు, నీళ్ల సీసాతో గేటు బయట నిలబడే తండ్రి ఆ రోజున బిడ్డకు పెద్ద అండ.

ఇంట్లో ఆడపిల్ల సంగతి

రంజాన్ మాసంలో మన ఇళ్లలో వంటపని రెట్టింపవుతుంది. సహరీకి ఒకసారి, ఇఫ్తార్‌కు ఒకసారి పొయ్యి వెలుగుతుంది. చుట్టాలు వస్తారు, ఇరుగుపొరుగుకు పళ్లేలు వెళతాయి. ఇదంతా పుణ్యకార్యమే. కానీ అస్ర్ తరువాత పరీక్ష పుస్తకం మూసి సమోసాలు ఒత్తడానికి ఎవరు లేస్తున్నారో ఒక్కసారి గమనించండి. ఇంటర్ చదివే కొడుకైతే "వాడికి పరీక్షలున్నాయి, పిలవకండి" అంటాము. ఇంటర్ చదివే కూతురైతే "అరగంటే కదా బేటీ" అంటాము. ముప్పై రోజుల పాటు రోజుకొక అరగంట అంటే పదిహేను గంటలు. ఐదు పూర్తి నమూనా పరీక్షలకు సరిపడే సమయం అది.

ఈ మాట ఆ ఇంట్లో అన్నప్పుడు తల్లి ఏమీ అనలేదు. ఆ ఇంటి తండ్రి మాత్రం కొద్దిసేపు ఆగి, "ఈ రంజాన్‌లో పండ్లు కోయడం, షర్బత్ కలపడం నా పని" అన్నాడు. పెద్దకొడుకు నవ్వుతూ, గిన్నెలు తాను కడుగుతానన్నాడు. దైవప్రవక్త (స) తమ ఇంటి పనులలో స్వయంగా పాలుపంచుకునేవారని విన్న మనకు ఇది కొత్త బోధ కాదు, మరచిన బోధ మాత్రమే.

దరఖాస్తులు, ధ్రువపత్రాలు పెద్దల పని

విద్యార్థి చదువులో మునిగి ఉన్న వారాల్లోనే దరఖాస్తు గడువులన్నీ వస్తాయి. 2025లో జేఈఈ మలి విడత దరఖాస్తులు ఫిబ్రవరిలో స్వీకరించారు. నీట్ గడువు ఫిబ్రవరి మొదటి వారం నుంచి మార్చి మొదటి వారం దాకా సాగింది. ఈఏపీసెట్ దరఖాస్తులు మార్చి మధ్యలో మొదలయ్యాయి. ఇవన్నీ ప్రాక్టికల్స్, ఇంటర్ పరీక్షలు జరిగే రోజులే. ఈ పనిని తండ్రో, అన్నో, మేనమామో తన భుజాన వేసుకోవాలి. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోవాలి. మన పేర్లలో షేక్, సయ్యద్, మొహమ్మద్ వంటి పదాల అక్షరక్రమం ఒక్కో పత్రంలో ఒక్కో రకంగా ఉండడం సాధారణం. చివరి రోజున కంగారు పడేకన్నా ముందే సరిచేయించుకోవడం మేలు.

కుల, ఆదాయ ధ్రువపత్రాలకు సచివాలయంలో ముందుగా దరఖాస్తు చేయండి. రాష్ట్రంలో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. అయితే రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. జాతీయ సంస్థల కోసం దరఖాస్తు చేసేటప్పుడు తమ వర్గం కేంద్ర జాబితాలో ఉన్నదీ లేనిదీ నిర్ధారించుకోవాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు, ఐఐటీ, ఎన్‌ఐటీల సీట్ల కేటాయింపుకు సమర్పించే ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ పత్రాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత జారీ అయినవై ఉండాలని అడుగుతారు. మార్చిలో తీసుకున్న పత్రంతో నిశ్చింతగా ఉండిపోయే కుటుంబాలు జూన్‌లో పరుగులు పెట్టవలసి వస్తుంది.

ఫలితం వెలువడిన రోజు

2024లోనూ, 2025లోనూ ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12నే వెలువడ్డాయి. ప్రతి ఏటా ఆ రోజు తరువాత కొన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోతున్నాయన్నది మనం పత్రికల్లో చదువుతున్న చేదు నిజం. ఒక పరీక్షలో తప్పినవారికి మే నెలలో సప్లిమెంటరీ ఉంది. తక్కువ మార్కులు వచ్చినవారికి ఇంప్రూవ్‌మెంట్ ఉంది. నీట్‌ను మరుసటి ఏడాది మళ్లీ రాయవచ్చు. ప్రాణానికి మాత్రం మలి విడత లేదు. అది అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు.

ఫలితాలకు ముందే పిల్లలతో ఒక మాట స్పష్టంగా చెప్పండి: మార్కులు ఎన్ని వచ్చినా ఈ ఇంటి తలుపు, ఈ అమ్మ ఒడి మారవు. ఆ మాటను ఫలితం వచ్చాక చెప్పేకన్నా ముందు చెప్పడమే ముఖ్యం. బిడ్డ మౌనంగా ఉంటున్నా, తిండి, నిద్ర తగ్గినా తేలికగా తీసుకోవద్దు. మనసు బరువెక్కినప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వ టెలీమానస్ సహాయ సంఖ్య 14416 రోజంతా ఉచితంగా అందుబాటులో ఉంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఆ సాయంత్రం వెళ్లిరావడానికి లేచేసరికి మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఆ అమ్మాయి లేచి గోడమీది కాగితం దగ్గరకు వెళ్లింది. జనవరి 21 అన్న చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి, పక్కనే "దరఖాస్తు: అబ్బా" అని రాసింది. మార్చి 25 నుంచి 31 వరకు ఉన్న ఏడు రోజుల కింద "నిద్ర" అని రాసింది. తండ్రి చదివి నవ్వాడు. తల్లి ముసల్లా పరుస్తూ అన్నది: "పిల్ల లెక్క వేసుకుంది. ఇక మన వంతు దుఆ."